అడవి అంచున మేత లెక్క – 4వ పాఠం: గడ్డిని తూకం వేయడం

మూడో పాఠంలో చెప్పిన పని చేసి ఉంటే, మీ నోటుపుస్తకంలో ఈపాటికి పదీ పదిహేను రకాల గడ్డి పోచలు అంటించి ఉండాలి. పశువు ఇష్టంగా తినేది ఏది, ఆకలేస్తే తప్ప ముట్టనిది ఏది, అసలే ముట్టనిది ఏది అని పక్కన రాసి ఉండాలి. చేయకపోతే ముందు అది చేసి రండి. తినే గడ్డినీ తినని గడ్డినీ విడదీయలేకపోతే ఇవాళ వేసే తూకం తప్పుతుంది.

ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే. ఒక కొండవాలు మీదున్న మేతను తూచి, అక్కడ ఎన్ని పశువులు ఎన్నాళ్లు మేయవచ్చో చెప్పగలగాలి. అమెరికా ఫారెస్ట్ సర్వీసులో ఈ పనికి ప్రత్యేకంగా మనుషులుంటారు. ప్రభుత్వ అడవిలోకి ఎవరు ఎన్ని పశువులను ఏ నెలల్లో తోలుకోవచ్చో అక్కడ పర్మిట్‌లో రాసి ఉంటుంది. ఆవూ, దాని దూడా నెల రోజులు మేసే మేత వాళ్ల లెక్కలో ఒక యూనిట్. అక్కడ రేంజ్ అంటే పశువులు మేసే నేల, మన దగ్గర రేంజ్ అంటే ఒక ఆఫీసరు కింద ఉండే అడవి ముక్క. అందుకని ఇక్కడ మేత లెక్క చూడాలంటే అటవీ శాఖ బీట్ ఆఫీసరో, సెక్షన్ ఆఫీసరో, ఊరి వన సంరక్షణ సమితి సభ్యులో పూనుకోవాలి. ఈ పాఠాలు వాళ్ల కోసం, ఆ పనిలోకి రావాలనుకునే పిల్లల కోసం.

కంటి అంచనాతో సరిపెట్టుకోకూడదని ఎందుకు అంటున్నానో చెప్తాను. నేను ఈ పనిలోకి వచ్చిన మొదటి ఏడాది విశాఖపట్నం దగ్గర ఆనందపురం వైపు ఒక కొండను చూడమన్నారు. అక్టోబరు వానలు వెళ్లిన వారానికి వెళ్లాను. మోకాలెత్తు పచ్చిక గాలికి ఊగుతోంది. “ఊళ్లో పశువులన్నింటికీ వేసవి దాకా సరిపోతుంది” అని సమితి మీటింగులో నేనే చెప్పాను. సంక్రాంతి రాకముందే కొండ బోడి అయిపోయింది. మరుసటి ఏడాది తొలకరికి వాలు మీది మట్టి ఎర్రగా గెడ్డలోకి, అంటే వాగులోకి, దిగింది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్ని దగ్గర్నుంచి చూసినవాళ్లకు వాన నీరు ఎర్రమట్టిని ఎంత తేలిగ్గా కోసేస్తుందో తెలుసు. గడ్డి ఉన్న చోట వయ్యారిభామ మొలిచింది. ఆ తప్పు నాది. అప్పటినుంచి త్రాసు లేకుండా మేత గురించి మాట్లాడలేదు.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. రిజర్వు ఫారెస్టులో గడ్డి పోచ కోయాలన్నా అనుమతి ఉండాలి. కంబాలకొండ లాంటి అభయారణ్యంలో నియమాలు ఇంకా గట్టిగా ఉంటాయి. అందుకని నేర్చుకునే దశలో ఊరి మేత పోరంబోకులోనో, ఎవరినైనా అడిగి వాళ్ల మెట్ట బీడులోనో సాధన చేయండి. చేయి తిరిగాక బీట్ ఆఫీసరును కలిసి, ఆయన్ని వెంటబెట్టుకుని అడవిలోకి వెళ్లవచ్చు.

కావలసిన సామాను తక్కువే. ఒక కొడవలి, వంటింటి డిజిటల్ త్రాసు, పాత న్యూస్‌పేపర్లతో చేసిన సంచులు, ఒక చట్రం ఉంటే చాలు. ప్లాస్టిక్ కవర్లు వద్దు, రెండు రోజుల్లో గడ్డి బూజు పడుతుంది. చట్రానికి సన్న పీవీసీ పైపు ముక్కలు నాలుగు చాలు. లోపలి కొలత సరిగ్గా మీటరుకి మీటరు రావాలి.

కొండ అడుగు నుంచి పైకి ఒక తిన్నని గీత ఊహించుకుని నడవండి. ప్రతి 50 అంగలకూ ఆగి, బొటనవేలి ముందు చట్రం పెట్టండి. కొత్తవాళ్లందరూ తప్పేది ఇక్కడే. చట్రం బండ మీద పడితే చేయి దానంతట అదే పచ్చగా ఉన్న పక్కకు జరుపుతుంది. జరపకండి. బండ మీద పడితే సున్నా రాసుకుని ముందుకు వెళ్లండి. ఆ సున్నా కూడా కొండ గురించి నిజమే చెబుతోంది.

చట్రం లోపలి గడ్డిని నేలకు రెండు వేళ్ల ఎత్తులో కోయండి. పశువు తినే గడ్డిని ఒక సంచిలో వేసి, తిననిదాన్ని అక్కడే వదిలేయండి. సంచి మీద తేదీ, చట్రం నంబరు రాయండి. ఒక వాలుకు కనీసం 20 చట్రాలు వేయాలి. ఇంటికి తెచ్చి ఎండబెట్టండి. ఇవాళ తూచిన బరువూ రేపు తూచిన బరువూ ఒకటే అయ్యేదాకా ఎండాలి. పచ్చి గడ్డిలో సగానికి పైగా నీళ్లే. ఆ బరువుతో లెక్క వేస్తే ఉన్నదానికి రెట్టింపు మేత ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క. మీ 20 చట్రాల సగటు, సున్నాలతో కలిపి, 140 గ్రాముల ఎండు గడ్డి వచ్చిందనుకుందాం. గ్రాములను 10తో హెచ్చిస్తే హెక్టారుకు కిలోలు వస్తాయి. ఎకరాల్లో కావాలంటే 4తో హెచ్చించండి, దాదాపు సరిపోతుంది. అంటే హెక్టారుకు 1,400 కిలోలు, ఎకరాకు 560. వాలు మొత్తం 40 హెక్టార్లు. అందులో పశువు ఎక్కలేని నిట్టనిలువు చరియలు, చొరబడలేని కంప కలిపి 10 హెక్టార్లు ఉంటాయి. మీ గీత వాటిలోంచి పోలేదు కాబట్టి వాటిని తీసేయండి. గీత పోయిన చోట పడ్డ బండలను మాత్రం మళ్లీ తీయకండి, సున్నాలతో అవి లెక్కలోకి వచ్చేశాయి. మిగిలిన 30 హెక్టార్లలో 42,000 కిలోల మేత ఉంది.

ఇందులో సగమే పశువుది. మిగతా 21,000 కిలోలు గడ్డి దుబ్బువి, మట్టివి. దీని మీద మీటింగుల్లో నాతో వాదన పెట్టుకోనివాళ్లు తక్కువ. “కళ్ల ముందు ఎండిపోతున్న గడ్డిని వదిలేయమంటావా?” అంటారు. గడ్డికి ఆకే వంటిల్లు. ఎదిగే కాలంలో సగానికి మించి ఆకు పోయేకొద్దీ వేరు ఎదగడం తగ్గిపోయి, చివరికి ఆగిపోతుంది. వేరు లోతుకు దిగకపోతే దుబ్బు ఎండకు తట్టుకోలేదు. ఎండిన గడ్డిని వదలడానికి కారణం ఇంకొకటి. అది వాన దెబ్బ నేరుగా మట్టికి తగలకుండా కాస్తుంది, కొండ మీది నీరు పరుగెత్తకుండా ఆపుతుంది.

మన నాటు ఆవు రోజుకు దాని బరువులో వందకు రెండున్నర పాళ్ల దాకా ఎండు మేత తింటుంది. చేతిలెక్కకు 7 కిలోలు వేసుకోండి. 21,000ని 7తో భాగిస్తే 3,000. అంటే ఒక ఆవు 3,000 రోజులు మేసే గడ్డి. ఐదు గొర్రెలనో మేకలనో ఒక ఆవుగా లెక్కించడం వాడుక. ఊళ్లో 45 ఆవులు, 200 గొర్రెలు ఉంటే 85 ఆవుల కింద లెక్క. 3,000ని 85తో భాగించి చూడండి. 35 రోజులు! నవంబరు నుంచి మార్చి దాకా ఉన్న 150 రోజులూ మేయాలంటే ఆ కొండకు 20 ఆవులే.

ఈ అంకె చూడగానే పశువులను ఆపేయాలన్న ఆలోచన వస్తుంది. తొందరపడకండి. వరి కోతలయ్యాక పొలాల్లో మోళ్లు ఉంటాయి, ఇంట్లో గడ్డివాము ఉంటుంది, రావి, అవిశ కొమ్మలుంటాయి. కొండ ఇచ్చే 35 రోజులను వాటి మధ్య ఎక్కడ ఇరికించాలన్నది కాపరులతో కూర్చుని తేల్చుకోవాలి.

అలా కూర్చున్నప్పుడే నాకు ఒక సంగతి తెలిసింది. నా లెక్కంతా విని, ఒక పెద్దాయన లేచి వెళ్లి గట్టు మీది గడ్డి వెన్ను ఒకటి తుంచుకొచ్చారు. “తూకం బాగానే ఉంది బాబూ. మరి ఈ ముల్లుగడ్డి కార్తీకంలో గొర్రె ఎలా తింటాది?” అన్నారు. హెటిరోపోగన్ అనే గడ్డి అది. గింజకు ఒక చివర సూదిలాంటి మొన, ఇంకో చివర పొడుగాటి నల్ల తోక ఉంటాయి. ఆయన ఆ గింజను నా అరచేతిలో పెట్టి, సీసాలోంచి ఒక చుక్క నీళ్లు వేశారు. మెలితిరిగి ఉన్న తోక మెల్లగా విప్పుకుంటూ గుండ్రంగా తిరిగింది. ఆ తిరుగుడుకే మొన నేలలోకి దిగి గింజ నాటుకుంటుంది. గొర్రె బొచ్చులో పడితే చర్మంలోకి, ఒక్కోసారి కంట్లోకి దిగుతుంది. లేతగా ఉన్నప్పుడు మంచి మేత, గింజ కట్టాక రాలేదాకా గొర్రెకు పనికిరాదు. నేను దాన్ని మొత్తం ‘తినేది’ సంచిలో వేసి తూచాను. ఆ రోజు నుంచి నా పుస్తకంలో ప్రతి గడ్డి పక్కన ‘ఏ నెలలో’ అనే గడి ఒకటి చేరింది. మీరూ గీసుకోండి.

తొలకరి గురించి కూడా కాపరులతో మాట్లాడండి. మొదటి వానలకు మొలిచే లేత పచ్చిక మీదకు మందను ఒక్కసారిగా వదిలితే గడ్డికీ నష్టం, మందకీ ప్రమాదం. లేత మేత ఎక్కువ తిన్న గొర్రెలకు చిటుక వ్యాధి వస్తుంది, సాయంత్రం బాగున్నది తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది. వానలకు ముందే టీకా వేయించాలి. అభయారణ్యంలో, దాని చుట్టూ 5 కిలోమీటర్లలో ఉన్న పశువులకు అంటువ్యాధుల టీకాలు వేయించే ఏర్పాటు చేయాలని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణలోనే ఉంది. పశువుల డాక్టరును ఊరికి పిలిచిన రోజే మేత మాట కూడా ఎత్తితే జనం శ్రద్ధగా వింటారు. కొండను ‘కొన్ని వారాలు’ మూయండి అంటే ఎవరూ వినరు. గడ్డి జానెడు దాటేదాకా ఆగుదాం అంటే ఒప్పుకుంటారు, ఎందుకంటే అది వాళ్లు కంటితో చూడగలిగే గుర్తు.

ఇంటి పని రెండు. మొదటిది, మీ ఊరి బీడులో 10 చట్రాలు వేసి, ఎండు బరువులు రాసి, ఎకరాకు ఎన్ని కిలోలో తేల్చండి. కోయడానికి ముందే కంటి అంచనా కూడా పక్కన రాయండి, రెండింటికీ తేడా ఎంతో చూసుకోవచ్చు. రెండోది, ఒకే రకం గడ్డి దుబ్బులను రెండు కుండీల్లో నాటండి. ఒకదాన్ని వారం వారం నేల దాకా కత్తిరించండి, రెండోదాన్ని ముట్టుకోకండి. రెండు నెలలయ్యాక రెండింటినీ పెకలించి వేళ్లు కడిగి, పక్కపక్కన న్యూస్‌పేపర్ మీద పరిచి ఫొటో తీసుకోండి. సమితి మీటింగుకు వెళ్లేటప్పుడు ఆ ఫొటో వెంట ఉంచుకోండి.

5వ పాఠం నీటి తావుల గురించి. పశువులు తాగే చోటు చుట్టూ నేల ఎందుకు ముందు బోడి అవుతుందో, తొట్టిని ఎక్కడికి జరిపితే మంద కొండంతా సమంగా మేస్తుందో చూద్దాం. దానికి మీ ఊరి చెరువులు, గెడ్డలు, బోర్లు గుర్తించిన ఒక చేతి పటం గీసుకుని సిద్ధంగా ఉంచుకోండి.