నట్టు వదులు చేస్తే పోయిన దగ్గు

1964లో రేసు డ్రైవర్ జిమ్ క్లార్క్ బ్రిటిష్ సెలూన్ కార్ ఛాంపియన్‌షిప్ గెలిచింది లోటస్ కోర్టినాతోనే. ఇంగ్లండ్‌లో మా మిత్రుడు పాత కార్ల పందేలకు తీసుకెళ్లేదీ అదే రకం కారు, 1558 సీసీ ఇంజను. మరమ్మతులు నా వంతు.

ఆరు వేల ఆర్‌పీఎం దాటగానే ఇంజను దగ్గేది. ప్లగ్గులు మార్చాను, పెట్రోలు పంపు మార్చాను, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌నూ అనుమానించాను. పాపం, దాని తప్పేమీ లేదు. దోషం నా పానాదే! గాలి చొరబడకూడదని ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి అందించే జంట వెబర్ కార్బ్యురేటర్లను బిర్రుగా బిగించేశాను. అవి రబ్బరు రింగుల మీద కాస్త ఊగుతూ ఉండాలి. లేకపోతే ఇంజను అదురుకు కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలో అది చిలికిన మజ్జిగలా నురగ కడుతుంది, జెట్లకు, అంటే పెట్రోలు బయటికొచ్చే సన్న రంధ్రాలకు, చాలినంత అందదు.

నట్లు వదులు చేసి, వాటి కింది స్ప్రింగు వాషర్ల చుట్ల మధ్య సుమారు ఒక మిల్లీమీటరు సందు ఉండేలా సందు కొలిచే ఫీలర్ గేజితో సరిచూశాను. ఇప్పుడు చేత్తో కదిపితే కార్బ్యురేటర్ కొంచెం ఆడుతుంది. దగ్గు లేదు.