ఆఫీసు బయట నాయకత్వం – 3వ పాఠం: జీతం ఇవ్వని వాళ్లను పని అడగడం

పోయిన పాఠంలో మీ చుట్టుపక్కల ఒక చోటు ఎంచుకోమన్నాను. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కావచ్చు, గల్లీలో వినాయక మండపం కావచ్చు, ఆదివారం క్రికెట్ టీమ్ కావచ్చు. అక్కడ అందరికీ అవసరమై, ఎవరూ పట్టించుకోని పని ఒకటి కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని ఇది చదవండి. ఇంకా రాయలేదంటే ముందు అది రాసి రండి. ఈ పాఠం మొత్తం ఆ ఒక్క పని చుట్టూనే తిరుగుతుంది.

ఆఫీసులో టీమ్ లీడ్ ఒక మాట చెబితే పని కదులుతుంది. ఆ మాట వెనక జీతం ఉంది, అప్రైజల్ ఉంది. పక్క ఫ్లాట్ ఆయన మీ మాట వినకపోతే మీ చేతిలో ఏముంది? ఏమీ లేదు. ఆయన్ని ఒప్పించడానికి మీ దగ్గర ఉన్నది మీ మాట, మీ మీద ఆయనకున్న నమ్మకం, అంతే. ఆఫీసులో ఐదేళ్లు మేనేజరుగా ఉన్నా రాని నేర్పు బయట ఆరు నెలల్లో రావడం నేను చూశాను. అందులో మొదటి మెట్టు అడగడం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నేనూ ఆగిపోయాను.

హైదరాబాద్‌లో 48 ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌కు ఒక ఏడాది సెక్రటరీగా ఉన్నాను. ఆ ఎండాకాలం మార్చి చివరికే రెండు బోర్లూ ఎండిపోయాయి. కుళాయిలో వచ్చే మంజీరా నది నీళ్లు రోజు విడిచి రోజు, అదీ కాసేపు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. ఇంటికి నలుగురు చొప్పున 48 ఇళ్లకు లెక్క కట్టండి, 25,920 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే ఐదు నిండుగా దిగినా ఇంకా కొంచెం తక్కువే. మాకు రోజూ నాలుగు వస్తున్నాయి, సంపులో మాత్రం మూడింటి నీళ్లే కనబడుతున్నాయి. తెల్లవారుజామున ఐదున్నరకు ట్యాంకరు వచ్చేసరికి వాచ్‌మన్ ఒక్కడే. గేటు తీయాలి, పైపు పట్టుకోవాలి, మోటరు చూసుకోవాలి. ట్యాంకరు పైకెక్కి మూత తీసి నిండుగా ఉందా లేదా అని చూసే తీరిక అతనికెక్కడిది?

గ్రూపులో మెసేజ్ పెట్టాను: ‘ట్యాంకర్లు చెక్ చేయడానికి వాలంటీర్లు కావాలి. దయచేసి అందరూ సహకరించండి.’ పదిహేడు బొటనవేళ్లు, నాలుగు దండాలు వచ్చాయి. మర్నాడు పొద్దున కిందికి ఒక్కరూ రాలేదు. రెండు రోజులు నాకు చాలా కోపంగా ఉండింది. ఈ జనానికి ఏమీ పట్టదు, ఈ పదవి వదిలేద్దాం అనుకున్నాను. మా ఇంట్లో వాళ్లు ఒక్క ప్రశ్న వేశారు: “ఇంతకీ నువ్వు ఎవర్ని అడిగావు?” నా దగ్గర జవాబు లేదు. 48 ఇళ్లను కలిపి అడిగితే ఒక్క ఇంటినీ అడిగినట్టు కాదు.

మూడో రోజు సాయంత్రం 302లో ఉండే పెద్దాయన తలుపు తట్టాను. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, రోజూ ఐదింటికే వాకింగుకు దిగుతారు. “అంకుల్, మీరు ఎలాగూ ఐదింటికి కిందుంటారు కదా. మంగళవారం, గురువారం మొదటి ట్యాంకరు వచ్చినప్పుడు మూత తీయించి నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి పుస్తకంలో రాస్తారా? పది నిమిషాల పని. రెండు వారాలు చాలు” అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. “తక్కువుంటే? సంతకం ఎవరు పెట్టాలి?” అన్నారు. “మీరే అంకుల్. మీరు సరే అంటేనే వాచ్‌మన్ స్లిప్పు మీద సంతకం పెడతాడు.” అప్పుడు లోపలికి వెళ్లి ఒక పాత నోటుబుక్కు తెచ్చారు. స్కేలు పెట్టి నిలువు గీతలు కొట్టారు: తేదీ, టైము, బండి నంబరు, మట్టం, సంతకం. నేను ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

రెండు వారాలన్న ఆయన జూన్‌లో వానలు పడేదాకా రాశారు. మొదటి వారంలోనే రెండు బండ్లు ముప్పావు వంతే నిండి రావడం బయటపడింది. పుస్తకం చూపించాక ఆ వెలితి ఆగింది.

ఇప్పుడు ఆ అడిగిన మాటను విడదీసి చూడండి. ఆయన రోజువారీ అలవాటుతో మొదలైంది. పని ఏమిటో చేతులతో చేసి చూపించేంత స్పష్టంగా ఉంది. ‘సహకరించండి’ అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. ఏ రోజు, ఎంతసేపు, ఎన్నాళ్లు అన్నవి ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, నిర్ణయం ఆయన చేతిలో పెట్టాను. ఆ చివరిది నేను ముందే ఆలోచించుకుని వెళ్లింది కాదు, ఆయన సంతకం గురించి అడిగాక నోట్లోంచి వచ్చింది. కానీ పని నిలబడింది దాని వల్లే. పని ఇచ్చి పెత్తనం మన దగ్గరే ఉంచుకుంటే అవతలివాళ్లకు అది చాకిరీలా అనిపిస్తుంది.

ఎవర్ని అడగాలి అన్న దగ్గర ఇంకో మాట. మన అపార్ట్‌మెంట్లలో మీటింగంటే ఓనర్లే. కొందరు ఓనర్లు అమెరికాలో ఉంటారు, వీడియో కాల్‌లో వస్తారు. నీళ్లు లేక బకెట్లు పట్టుకుని తిరిగేది అద్దెకున్నవాళ్లు, వాళ్లను మాత్రం ఎవరూ పిలవరు. హైదరాబాద్ నీటి సరఫరా సంస్థ జలమండలి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది కదా, దానికి ఆధార్ లింకు చేసుకోవాలి. ఎవరిది అయింది, ఎవరిది కాలేదు అని ఇంటింటికీ తిరిగి రాసే పని మా దగ్గర పెండింగులో ఉండేది. 104లో అద్దెకున్న ఆవిడను అడిగాను. “మూడేళ్లుగా ఉంటున్నామండీ, ఒక పని చేసిపెట్టమని అడగడం ఇదే మొదటిసారి” అన్నారు. నాలుగు రోజుల్లో జాబితా నా చేతికొచ్చింది. మీ చోట ఇన్నాళ్లూ ఎవరూ అడగని మనిషి ఎవరో ముందు వెతకండి.

కాదన్నవాళ్ల సంగతి: వదిలేయండి. “పర్లేదండీ, ఇంకోసారి చూద్దాం” అని నవ్వుతూ వచ్చేయండి. మొహమాటపెట్టి ఒప్పిస్తే పని మధ్యలో ఆగుతుంది, పలకరింపు కూడా పోతుంది.

ఒప్పుకుని చేయనివాళ్లతోనే అసలు కష్టం. ఐటీలో చేసే ఒక కుర్రాడు రోజువారీ లెక్క ఎక్సెల్‌లో వేస్తానన్నాడు. వారం గడిచినా షీటు తెరవలేదు. నేను గ్రూపులో అందరి ముందూ ‘ఇంకా కాలేదా?’ అని అడిగాను. పది నిమిషాల్లో అతను గ్రూపులోంచి వెళ్లిపోయాడు. అది నా తప్పు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. లిఫ్టు దగ్గర కలిసినప్పుడు “ఎక్కడ ఆగిందమ్మా?” అని అడిగి ఉంటే సరిపోయేది. తర్వాత తెలిసింది, ఆ వారం వాళ్లకు సాఫ్ట్‌వేర్ రిలీజు, రాత్రి రెండింటిదాకా లాగిన్లోనే ఉన్నాడట. రోజూ అన్నది వారానికోసారి చేసుంటే అతను ఆనందంగా చేసేవాడు. పని జరగనప్పుడు మనిషిని పక్కకు పిలిచి అడగండి, పనిని చిన్నది చేయండి. అప్పటికీ కాకపోతే ఇంకొకరికి ఇస్తున్నానని ఆయనకే ముందు చెప్పండి.

హాస్టల్లో ఉంటున్నాం, మాకు అసోసియేషన్ ఎక్కడిది అనేవాళ్లకు టోస్ట్‌మాస్టర్స్ మంచి దారి. 1924లో కాలిఫోర్నియాలో మొదలైన సంస్థ. హైదరాబాద్‌లో కంపెనీల లోపలా, బయటా క్లబ్బులున్నాయి. ఉపన్యాసం నేర్చుకోవడానికే అని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రతి క్లబ్బుకూ ప్రెసిడెంటు నుంచి కుర్చీలు, హాలు చూసుకునే సార్జెంట్ దాకా పదవులుంటాయి, ఎవరికీ జీతం ఉండదు. హాలు చూసుకునే పనితో మొదలుపెట్టండి. మీటింగుకు అరగంట ముందు రమ్మని ఇద్దర్ని అడగాల్సి వస్తుంది, ఈ పాఠానికి అది చాలు.

ఈ వారం అభ్యాసం. మీ కాగితం మీది పనిని పది నుంచి ముప్పై నిమిషాల్లో అయ్యే ముక్కలుగా విడగొట్టండి. మూడు ముక్కలకు ముగ్గురు మనుషులు. ముగ్గుర్నీ ఎదురుగా కలిసి అడగండి, ఫోన్ కూడా వద్దు. వెళ్లే ముందు అడగబోయే వాక్యం రాసుకుని ఒకసారి పైకి చదవండి. చదువుతుంటే మీకే ‘ఏం చేయమంటున్నాడు?’ అనిపిస్తే మళ్లీ రాయండి.

అడిగొచ్చిన రాత్రే నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి: ఎవర్ని అడిగాను, వాళ్లన్న మాట యథాతథంగా, ఏం జరిగింది, నేను ఏం మార్చాను. రేపు ఇంటర్వ్యూలో “మీ నాయకత్వ అనుభవం చెప్పండి” అంటే చాలామంది ‘నాకు టీమ్ స్పిరిట్ ఎక్కువ’ లాంటి మాటలు చెబుతారు. మీరు తేదీతో సహా, మీరు చేసిన తప్పుతో సహా చెప్పగలుగుతారు. ఏడాది తర్వాత గుర్తు తెచ్చుకుందామంటే ఆ వివరాలు రావు.

ముగ్గురిలో ఒక్కరు ఒప్పుకున్నా ఈ వారం పని అయినట్టే. ఆ కాగితం పారేయకండి. వచ్చే పాఠం నలుగురి డబ్బు లెక్క రాయడం గురించి, దాన్ని ఈ కాగితం వెనక వైపే మొదలుపెడదాం.