ఇంగ్లీషు అలంకారాలు – 4వ పాఠం: కిరీటం మాట్లాడితే ఎవరు మాట్లాడినట్టు?

గత పాఠంలో సిమిలీ, మెటఫర్ చూశాం. ‘హీ ఈజ్ లైక్ ఎ లయన్’ అంటే సిమిలీ, ‘హీ ఈజ్ ఎ లయన్’ అంటే మెటఫర్. మన ఉపమ, రూపకం గుర్తుంటే ఆ రెండూ తేలికే. రెండిటికీ పోలికే ప్రాణం. ఇవాళ చదివే మెటానమీలో ఆ పోలిక అసలుండదు. అందుకే చాలామంది ఇక్కడ తడబడతారు.

డిగ్రీ చదివే రోజుల్లో ఇంగ్లీషు పేపర్‌లో ‘డౌనింగ్ స్ట్రీట్ రిఫ్యూజ్డ్ టు కామెంట్’ అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. డిక్షనరీలో ప్రతి మాటకూ అర్థం దొరికింది. వీధి నోరు విప్పకపోవడమేమిటో మాత్రం అంతుపట్టలేదు. లండన్‌లో ఆ వీధిలోని 10వ నంబరు ఇల్లే బ్రిటన్ ప్రధానమంత్రి నివాసం, కార్యాలయం అని తెలిశాక ముడి వీడింది. అక్కడ ‘డౌనింగ్ స్ట్రీట్’ అంటే ప్రధాని కార్యాలయం. ఒకదాని పేరు చెప్పి, దానితో విడదీయరాని సంబంధం ఉన్న ఇంకోదాన్ని సూచించడమే మెటానమీ. పలికేటప్పుడు రెండో అక్షరం ‘టా’ మీద ఊనిక పెట్టాలి.

మెటఫరో మెటానమీయో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. వాక్యంలో ‘లాంటి’ పెట్టి చూడండి. ‘అతను సింహం’ అన్నప్పుడు ‘సింహం లాంటివాడు’ అంటే అర్థం చెడదు, కాబట్టి అది మెటఫర్. ‘ది క్రౌన్’ అని రాజునో రాణినో ఉద్దేశించినప్పుడు ‘కిరీటం లాంటి రాజు’ అంటే ఏ అర్థమూ రాదు. రాజుకూ కిరీటానికీ పోలిక లేదు. ఉన్నదల్లా సంబంధమే, అది ఆయన తలమీద ఉంటుంది. అందుకని మెటానమీ ఎదురైనప్పుడు ‘ఇది దేనిలా ఉంది’ అని కాకుండా ‘ఇది ఎవరిది, ఎక్కడిది’ అని అడగండి. ఈ పాఠంలో ఇంకేం మరిచిపోయినా ఈ ప్రశ్న ఒక్కటి గుర్తుంచుకోండి.

నిజానికి ఇది మనకు కొత్తేమీ కాదు. మన పేపర్లలో ‘ఖాకీల దౌర్జన్యం’ అని రాస్తే బట్ట గురించని ఎవరూ అనుకోరు. ‘ఢిల్లీ ఏమంటుందో చూడాలి’ అంటే ఊరు మాట్లాడదని అందరికీ తెలుసు. సంస్కృత అలంకారశాస్త్రం దీన్ని లక్షణ అంటుంది. అక్కడ అందరూ చెప్పే ఉదాహరణ ‘గంగాయాం ఘోషః’. గంగలో గొల్లపల్లె అని మాటల అర్థం. నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని తీసుకుంటాం. ‘కుంతాః ప్రవిశంతి’ ఇంకొకటి. ఈటెలు లోపలికి వస్తున్నాయంటే ఈటెలు పట్టిన మనుషులు వస్తున్నారని. ఇప్పటి ఇంగ్లీషు వార్తల్లో ‘బూట్స్ ఆన్ ది గ్రౌండ్’ అంటే సైనికులను నేలమీద దించడం. ఈటెల చోట బూట్లు వచ్చాయి, అంతే.

కోర్టు మాటలు కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే వాటిని రోజూ వాడుతూనే వాటిలోని అలంకారాన్ని గమనించం. ‘బెంచ్ తీర్పిచ్చింది’ అంటాం. బెంచ్ అంటే బల్ల. దానిమీద కూర్చునే న్యాయమూర్తులకు ఆ పేరు వచ్చింది. ‘బార్’ అంటే కోర్టు హాల్లో అడ్డంగా ఉండే కమ్మీ. ఆ మాటే వాదించే వకీళ్లందరికీ కలిపి పేరయింది. బార్ అసోసియేషన్‌లో ఉన్న బార్ అదే. ‘హీ వాజ్ కాల్డ్ టు ది బార్’ అంటే మందు షాపుకు పిలిచారని కాదు, బారిస్టర్‌గా అర్హత పొందాడని. టంగుటూరి ప్రకాశం పంతులు లండన్ వెళ్లి చదివొచ్చిన బారిస్టర్ చదువు పేరులోనూ ఆ కమ్మీయే ఉంది. అసెంబ్లీలో ‘చైర్‌ను గౌరవించండి’ అన్నప్పుడు కుర్చీకి దండం పెట్టమని కాదు కదా!

కొన్ని మెటానమీలు అసలు వస్తువు పోయినా బతుకుతాయి. లండన్‌లో ‘ఫ్లీట్ స్ట్రీట్’ అంటే బ్రిటిష్ పత్రికారంగం. 1980ల నుంచి పెద్ద పత్రికలు ఒక్కొక్కటే ఆ వీధి వదిలి వెళ్లిపోయాయి. ఆ పేరు మాత్రం పత్రికలకే ఉండిపోయింది.

‘ది పెన్ ఈజ్ మైటియర్ దాన్ ది స్వోర్డ్’ అన్న మాట ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ 1839లో రాసిన నాటకంలోది. అందులో రెండు మెటానమీలున్నాయి. కలం అంటే రాత, కత్తి అంటే బలప్రయోగం. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’లో ఆంటొనీ ‘లెండ్ మి యువర్ ఇయర్స్’ అంటాడు. ‘ఓ చెవి ఇటు పడెయ్’ అని మనవాళ్లన్నట్టే. చెవి అంటే ఇక్కడ వినికిడి, శ్రద్ధ.

ఇక సినెక్డకీ. స్పెల్లింగ్ చివర ‘సి, హెచ్, ఇ’ ఉన్నా ‘సి-నెక్-డ-కి’ అనే పలకాలి. ఇది మెటానమీకి దగ్గరి చుట్టం. భాగం పేరు చెప్పి మొత్తాన్ని, లేదా మొత్తం పేరు చెప్పి భాగాన్ని సూచిస్తుంది. ‘ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్’లో చేతులంటే ఓడ మీద పనిచేసే మనుషులు. ‘మెనీ మౌత్స్ టు ఫీడ్’ అంటే మన ‘తినే నోళ్లు’. పశువుల్ని లెక్కపెట్టేటప్పుడు ‘ఫిఫ్టీ హెడ్ ఆఫ్ క్యాటిల్’ అంటారు. అక్కడ ‘హెడ్స్’ అనకూడదు, పోటీపరీక్షల్లో తప్పులు దిద్దే ప్రశ్నగా వస్తే గమనించండి.

మొత్తం చెప్పి భాగాన్ని సూచించడం క్రికెట్ కామెంటరీలో రోజూ వింటాం. ‘ఇండియా నీడ్ ట్వెంటీ రన్స్’ అంటారు. ఇండియా అంటే దేశం కాదు, ఆ పదకొండు మంది. అందుకే బ్రిటిష్ వాడుకలో క్రియ బహువచనంలో ఉంటుంది, ‘నీడ్స్’ కాదు ‘నీడ్’. దేశం గురించైతే ‘ఇండియా నీడ్స్ మోర్ డాక్టర్స్’ అనాలి. ఒకే పేరు, రెండు క్రియారూపాలు. తేడా తెచ్చింది అలంకారమే.

సినెక్డకీయా మెటానమీయా అని కొన్నిచోట్ల పండితులే వాదించుకుంటారు. దానికి మీరు టెన్షన్ పడనక్కర్లేదు. చదివేటప్పుడు ఎవరి గురించి చెబుతున్నారో తెలిస్తే చాలు.

ఒకే మాటలో రెండు అలంకారాలు కలిసి రావడం కూడా ఉంది. ‘హార్ట్ ఆఫ్ స్టోన్’, మన రాతి గుండె. గుండె అంటే దయ, జాలి. అది సంబంధం వల్ల వచ్చింది కాబట్టి మెటానమీ. రాయి పోలిక వల్ల వచ్చింది కాబట్టి మెటఫర్.

ఇప్పుడు మీ వంతు. నోట్‌బుక్‌లో ఈ ఐదు వాక్యాలూ రాసుకుని, ఒక్కొక్కదాని పక్కన ‘లాంటి’ పరీక్ష పెట్టి చూడండి. ఒకదానిలో మాత్రం మెటానమీతోపాటు గత పాఠంలోని అలంకారం కూడా కలిసి ఉంది.

‘ది కెటిల్ ఈజ్ బాయిలింగ్.’
‘హీ ఈజ్ టూ ఫాండ్ ఆఫ్ ది బాటిల్.’
‘షీ ఎర్న్స్ హర్ బ్రెడ్ యాజ్ ఎ టైలర్.’
‘ది న్యూస్ వాజ్ ఎ డాగర్ టు హర్ హార్ట్.’
‘ది వైట్ హౌస్ డినైడ్ ది రిపోర్ట్.’

మూడోదానికి తెలుగులో సరిజోడుగా ‘నాలుగు వేళ్లూ నోట్లోకి పోవడం’ రాయొచ్చు. మిగతా నాలుగింటికీ మీ ఊళ్లో ఏమంటారో మీరే వెతకండి. జవాబులతోపాటు వచ్చే పాఠంలో హైపర్‌బొలీ, అంటే అతిశయోక్తి చూద్దాం.