ఆండ్రే ద జెయింట్ మ్యాచ్‌లు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం గమనించాలి

మన ఇళ్లకు కేబుల్ టీవీ, పిల్లల చేతుల్లోకి డబ్ల్యుడబ్ల్యుఎఫ్ ట్రంప్ కార్డులు వచ్చేసరికి రెజ్లర్ ఆండ్రే ద జెయింట్ ఆట ముగింపుకొచ్చింది. అందుకే అండర్‌టేకర్ తెలిసినంతగా ఆండ్రే మనకు తెలియరు. ఇప్పుడు వెతికితే ముందు దొరికేది 1987 నాటి హల్క్ హోగన్ మ్యాచ్. దయచేసి దానితో మొదలుపెట్టకండి. నేను ఫిజియోథెరపిస్ట్‌ని. నడుము నొప్పి ఉన్నవాళ్లు ఎలా లేస్తున్నారు, దేన్ని పట్టుకుంటున్నారు అని చూడటం నా రోజువారీ పని. ఆండ్రేని కూడా అలాగే చూడమంటాను.

ఆయన అసలు పేరు ఆండ్రే రెనే రూసిమోఫ్. 1946లో ఫ్రాన్స్‌లో పుట్టారు. పిట్యూటరీ గ్రంథిలో గ్రోత్ హార్మోన్ మితిమీరి తయారవడం ఆయన జబ్బు, దాన్ని అక్రోమెగలీ అంటారు. ఆయన ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలని, బరువు 520 పౌండ్లని ప్రకటించేవారు. అంటే దాదాపు 236 కిలోలు. ఈ జబ్బు ఎత్తు ఒక్కటే ఇచ్చి ఊరుకోదు, కీళ్లను అరగదీస్తుంది, గుండెను అలసిపోయేలా చేస్తుంది.

మొదట 1970ల మ్యాచ్‌లు చూడండి. జపాన్‌లో మాన్‌స్టర్ రూసిమోఫ్ అనే పేరుతో ఆడిన రోజులవి. నడక చురుగ్గా ఉంటుంది, వంగి లేవడంలో ఇబ్బంది కనిపించదు. ఈ ఆండ్రేని కళ్లలో నింపుకోకపోతే తర్వాత ఆయన ఏం పోగొట్టుకున్నారో తెలియదు.

తర్వాత 1981 సెప్టెంబర్ 23న టోక్యోలో స్టాన్ హాన్సెన్‌తో ఆడింది. అందులో హాన్సెన్ ఆయన్ని ఎత్తి పడేస్తాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆపి ఆలోచించండి. పైకి లేచే మనిషి కూడా కాస్త సాయం చేస్తేనే బాడీస్లామ్ కుదురుతుంది. అంత బరువున్న మనిషి ఒళ్లు వదిలేస్తే ఎవరూ ఎత్తలేరు. ఆండ్రేని ఎవరైనా ఎత్తారంటే ఆయన ఒప్పుకున్నారనే అర్థం. నా దృష్టిలో ఆయన స్వభావానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు.

సరదా మనిషిని చూడాలంటే 1985 మార్చి 31న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బిగ్ జాన్ స్టడ్‌తో జరిగిన మ్యాచ్ చూడండి. ఎదుటివాణ్ణి ఎత్తి పడేస్తే 15,000 డాలర్లు, అదీ పందెం. గెలవగానే సంచీలో చెయ్యి పెట్టి నోట్లను జనం మీదికి విసరడం మొదలుపెట్టారు. సంచీ లాక్కుని పారిపోయే స్టడ్ మేనేజర్ బాబీ హీనన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. ఆండ్రే తాగుడు గురించిన కథలు బోలెడు వినిపిస్తాయి, వాటి మీద టైమ్ పెట్టకండి.

ఇప్పుడు 1987 మార్చి 29, మిషిగన్‌లోని పాంటియాక్ సిల్వర్‌డోమ్. ప్రేక్షకులు 93,173 మంది అని ప్రకటించారు. ఆ లెక్క మీద వాదన ఇప్పటికీ తెగలేదు. ఈసారి ఆండ్రే విలన్, ఆయన మేనేజర్ ఆ హీననే. సౌండ్ తీసేసి చూడండి. అంతకుముందే ఆయన వీపుకు ఆపరేషన్ అయింది. ఒంటి భుజం నల్ల డ్రెస్ లోపల నడుముకు బెల్ట్ ఉంది. ఆట మొదట్లోనే హోగన్ ఎత్తబోయి కూలిపోతాడు, ఆండ్రే అతని మీద పడతారు. అక్కడి నుంచి ఆయన చేతుల్ని గమనించండి. ఎన్నిసార్లు తాడు మీదికి వెళ్తున్నాయో చూడండి. బేర్ హగ్, అంటే ఎదుటివాణ్ణి రెండు చేతులతో చుట్టి బిగించడం, అంతసేపు సాగుతుంటే చాలామందికి బోర్ కొడుతుంది. నాకు మాత్రం నిలబడే ఊపిరి తీసుకోవడానికి ఒక మనిషి వెతుక్కున్న దారి కనిపిస్తుంది. చివర్లో హోగన్ ఎత్తి పడేస్తాడు. ఆయన్ని అంతవరకు ఎవరూ ఎత్తలేదని ప్రచారం చేశారు గానీ, 1980లో షే స్టేడియంలో హోగనే ఎత్తాడు. అయినా ఆ వీపుతో కింద పడటానికి ఒప్పుకోవడం మామూలు విషయం కాదు. ఆ రాత్రితో హోగన్ స్థాయే మారిపోయింది.

ఆఖరుగా 1990 ఏప్రిల్ 1, టొరంటో. హాకు అనే రెజ్లర్‌తో జతగా ఆడారు. ఆండ్రే ఎక్కువసేపు రింగ్ బయటి అంచునే, తాడు పట్టుకుని ఉంటారు. మూడేళ్లు తిరక్కుండానే, 1993 జనవరిలో, తండ్రి అంత్యక్రియలకు వెళ్లి పారిస్‌లో చనిపోయారు. ఈ టొరంటో మ్యాచ్‌లో ఓడి, ఆ జంట ఛాంపియన్ బెల్టులు పోగానే వీడియో కట్టేయకండి. ఓటమికి కారణం నువ్వేనని హీనన్ మీదికొచ్చి చెంప మీద కొడతాడు. ఆండ్రే తిరిగి కొడతారు. మూడేళ్లుగా ఆయన్ని తిట్టిన జనం అప్పుడు ఎలా అరిచారో వినండి. ఇక్కడ మాత్రం సౌండ్ పెంచుకోండి.