శుభలేఖలో మాయమైన సన్నగీతలు

బంధువుల పెళ్లి శుభలేఖలో ఇంగ్లీషు పుటను నేను బోడోని అనే ఫాంటు అక్షరాలతో కూర్చాను. నిలువు గీతలు దళసరిగానూ, అడ్డగీతలు, కొనలు వెంట్రుకంత సన్నగానూ ఉండే ఆ అక్షరాలు వధూవరుల పేర్లకు ఎంతో హుందాతనాన్ని తెచ్చాయి. అయితే మెరూన్ రంగు మీద తెల్లగా వదిలిన, 8 పాయింట్ల చిన్న అక్షరాల చిరునామా మాత్రం నమూనా ప్రతిలో సగం చెరిగిపోయింది. నాలుగు సిరాలు కలిసి వచ్చే రంగు కావడంతో ఒక్కో సిరాను అచ్చువేసే ప్లేట్లు ఏమాత్రం జరిగినా సిరా సన్నగీతలను పూడ్చేస్తుంది, అందువల్ల చిన్న 'e'లోని అడ్డగీత పోయి అది 'c'లా కనిపించింది.

మొదట బోల్డ్ పెట్టి చూశాను. నిలువు గీతలు లావెక్కాయే తప్ప సన్నగీతలు దాదాపు అలాగే ఉండిపోయాయి.

అసలు పొరపాటు నాదే: పెద్ద అక్షరాల కోసం గీసిన రూపాన్ని కుదించి వాడాను. 18వ శతాబ్దంలో ఇటలీలోని పార్మా నగరంలో ముద్రణాలయం నడిపిన జాంబాటిస్టా బోడోని కాలంలో ఒక్కొక్క పరిమాణానికి అక్షరాలను విడిగా చెక్కేవారు. కంప్యూటర్ మనకు ఆ సంగతిని మరిపించింది. ఐటీసీ బోడోని అనే ఫాంటులో ఇప్పటికీ 6, 12, 72 పాయింట్లకు వేర్వేరు రూపాలున్నాయి. నేను ఉచితంగా లభించే బోడోని మోడా ఫాంటును తీసుకుని, చిరునామాకు ఆప్టికల్ సైజును (అక్షర రూపం ఏ పరిమాణానికి తగినట్టు ఉండాలో చెప్పే అమరికను) 6కు దించి, అక్షరాల మధ్య ఎడం కొద్దిగా పెంచి, పేర్లకు మాత్రం పాత సన్నదనాన్నే ఉంచాను. రెండో నమూనాలో పిన్‌కోడ్ సహా అన్నీ స్పష్టంగా వచ్చాయి.