ఐరోపా సమాఖ్య గ్రాంటుకు జిల్లా సొసైటీ లెక్క ఎలా చెప్పాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జీడి కార్మికులతోనో, మత్స్యకార కుటుంబాలతోనో పనిచేసే ఒక సొసైటీకి ఐరోపా సమాఖ్య గ్రాంటు మంజూరైతే, ఆ డబ్బు మీద ఒకేసారి రెండు చట్టాల అజమాయిషీ ఉంటుంది. ఒకటి 2010 నాటి మన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ. రెండోది సమాఖ్య ఆర్థిక నిబంధనావళి. ఇప్పుడున్న 2024/2509 నంబరు నిబంధనావళి 2024 సెప్టెంబరు 30 నుంచి అమల్లో ఉంది. సొసైటీకి అది నేరుగా కాక, సంతకం చేసిన గ్రాంటు ఒప్పందం ద్వారా వర్తిస్తుంది. ఈ రెండు చట్టాలనూ రాసినవారు ఒకరినొకరు సంప్రదించుకోలేదు. కనుక రెండూ ఒకే విషయంలో వేరువేరు హద్దులు పెట్టినచోట, కఠినంగా ఉన్నదాన్నే పాటించాలి.

ముందుగా డబ్బు ఎవరిదో తేల్చుకోవాలి. ఎఫ్‌సీఆర్‌ఏ నిర్వచనం ప్రకారం ఐక్యరాజ్యసమితి, దాని ప్రత్యేక సంస్థలు, ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి, కేంద్రం విడిగా నోటిఫై చేసిన సంస్థలు 'విదేశీ మూలం' కిందికి రావు. హుద్‌హుద్ తుపాను తరువాత ప్రపంచ బ్యాంకు రుణంతో రాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన విపత్తు పునరుద్ధరణ పనుల వంటివి ప్రభుత్వ ఖాతాల మీదుగా నడుస్తాయి; వాటి లెక్కల దారి వేరు. ఐరోపా సమాఖ్య గ్రాంటు విషయంలో మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలన్న లెక్కతోనే బయలుదేరాలి. రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసే సొసైటీకి కనీసం మూడేళ్ల ఉనికి, ఆ మూడేళ్లలో ప్రధాన కార్యకలాపాల మీద రూ.15 లక్షల ఖర్చు చూపగల స్థోమత ఉండాలి. అవి లేని సొసైటీ, దాత ఇచ్చిన హామీ లేఖను జతచేసి, ఫలానా మొత్తానికి ఫలానా పనికి ముందస్తు అనుమతి కోరవచ్చు. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకే చెల్లుతుంది. గ్రాంటు కాలం మధ్యలో గడువు ముగిసేటట్లుంటే, ఆ తేదీని ప్రాజెక్టు పట్టికలో మొదటి గడిలోనే రాసిపెట్టుకోవాలి.

2020 సవరణ తరువాత విదేశీ విరాళం మొదట చేరవలసినది న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని స్టేట్ బ్యాంకు ఖాతాకే. పలాసలోనో బొబ్బిలిలోనో ఉన్న ఖాతా నంబరును గ్రాంటు ఒప్పందంలో రాసి పంపితే మొదటి వాయిదా దగ్గరే చిక్కు మొదలవుతుంది. అక్కడి నుంచి స్థానిక బ్యాంకులోని వినియోగ ఖాతాకు మళ్లించుకోవచ్చు. ఆ ఖాతా వివరాలను నిర్ణీత ఫారంలో హోం శాఖకు తెలపాలి. ఈ రెండు ఖాతాల్లో దేనిలోనూ స్థానిక విరాళాలు కలపకూడదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, సమాఖ్య గ్రాంటుల్లో చాలావాటికి సొసైటీ తనవంతు వాటా కలపాలన్న షరతు ఉంటుంది. ఆ వాటా సభ్యుల చందాల నుంచి వస్తే దాన్ని సాధారణ ఖాతాలోనే ఉంచి, అక్కడి నుంచే ఖర్చుచేసి, సమాఖ్య తరఫున గ్రాంటు ఇచ్చే యూరోపియన్ కమిషన్‌కు పంపే నివేదికలో మాత్రమే రెండు ఖర్చులనూ ఒకచోట చూపాలి.

రెండు చట్టాలు నేరుగా ఢీకొనే చోటు భాగస్వామ్యం. సమాఖ్య పద్ధతిలో ప్రధాన సంస్థ మొత్తం సొమ్ము అందుకుని, సహ భాగస్వాములకు వారి వాటాలు పంచుతుంది. మన చట్టంలోని 7వ సెక్షన్ 2020 నుంచి అలా పంచడాన్ని పూర్తిగా నిషేధించింది. పుచ్చుకునే సొసైటీకి సొంత ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. కాబట్టి శ్రీకాకుళం సొసైటీ ప్రధాన దరఖాస్తుదారుగా, విజయనగరం సొసైటీ సహ దరఖాస్తుదారుగా ప్రతిపాదన రాస్తే, కమిషన్ దృష్టిలో అది చక్కని భాగస్వామ్యమే అయినా ఇక్కడ ఆచరణ సాధ్యం కాదు. ఐరోపాలోని సంస్థ ప్రధాన దరఖాస్తుదారుగా ఉండి, రిజిస్ట్రేషన్ ఉన్న ఒక్కొక్క సొసైటీ ఢిల్లీ ఖాతాకు నేరుగా పంపే ఏర్పాటు ఒక దారి. అది కుదరకపోతే ఒకే సొసైటీ పని మొత్తం చేయాలి. భాగస్వామి చేత బిల్లు పెట్టించి, సేవల కొనుగోలుగా చూపించే ఉపాయం కొందరు చెబుతారు. నిజమైన కొనుగోలు తప్పు కాదు. వాటా పంచడానికి వేసిన ముసుగు మాత్రం రెండు తనిఖీల్లోనూ బయటపడుతుంది.

పరిపాలన ఖర్చుల విషయంలో పొరపాటు సులువుగా జరుగుతుంది. సమాఖ్య విదేశీ సహాయ గ్రాంటుల్లో పరోక్ష ఖర్చుల కింద ప్రత్యక్ష ఖర్చుల మీద గరిష్ఠంగా 7 శాతం ఇస్తారు. ఎఫ్‌సీఆర్‌ఏ పరిమితి 20 శాతం. ఏడు ఇరవై కంటే తక్కువే కదా అని కార్యదర్శి ధీమా పడతారు. అయితే సమాఖ్య బడ్జెట్‌లో అకౌంటెంట్ జీతం, ప్రాజెక్టు కార్యాలయపు అద్దె, కరెంటు బిల్లు ప్రత్యక్ష ఖర్చుల పద్దుల్లో ఉండవచ్చు; మన నిబంధనల్లో కార్యాలయ అద్దె, నిర్వహణ సిబ్బంది జీతాలు, నివేదికలు రాసి దాఖలు చేసే ఖర్చు పరిపాలన కిందికే వస్తాయి. ప్రధానంగా పరిశోధనో శిక్షణో చేసే సంస్థల్లో మాత్రం శిక్షణ ఇచ్చేవారి జీతాలకు, క్షేత్రస్థాయిలో సమాచారం సేకరించేవారి జీతాలకు మినహాయింపు ఉంది. కనుక ప్రతి బడ్జెట్ పద్దు పక్కన 'ఎఫ్‌సీఆర్‌ఏ ప్రకారం పరిపాలనా, కాదా' అనే అదనపు గడి గీసి, సంవత్సరాలవారీగా మొత్తం వేసి చూసుకున్న తరువాతే ప్రతిపాదన పంపాలి. సంతకాలయ్యాక ఈ లెక్క వేసి ప్రయోజనం తక్కువ.

ఇక వోచరు. మందస నుంచి పలాసలో శిక్షణకు జీడి కార్మిక మహిళలను ఆటోలో తీసుకొచ్చారనుకుందాం. 'ఆటో ఖర్చులు, రూ.1,800' అని రాసి, కింద ఒక సంతకం, పక్కన సొసైటీ ముద్ర ఉన్న కాగితం మన దగ్గర చాలాకాలంగా చెల్లుతూ వస్తోంది. గ్రాంటు ఒప్పందం అడిగేది అంతకంటే ఎక్కువ. ఖర్చు ప్రాజెక్టు కాలంలోనే అయి ఉండాలి, బడ్జెట్‌లో ఉండాలి, పనికి అవసరమైనదై ఉండాలి, సహేతుకంగా ఉండాలి, ఎవరైనా వచ్చి సరిచూసుకోగలిగేలా ఉండాలి. అంటే ఆ కాగితం మీద తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతమంది, బండి నంబరు, డ్రైవరు సంతకం ఉండాలి. అదే తేదీ శిక్షణ హాజరు పట్టిక దానికి జతపడాలి. హాజరు పట్టికలో పన్నెండు వేలిముద్రలుండి వోచరులో ఇరవైమంది ఉంటే ఆ ఖర్చు కొట్టివేతకు సిద్ధంగా ఉన్నట్టే. అసలు బిల్లు మీదనే గ్రాంటు ఒప్పందం నంబరు, పద్దు సంఖ్య ముద్ర కొట్టాలి, ఎందుకంటే ఒకే ఖర్చుకు రెండుచోట్ల నిధులు తీసుకోవడం సమాఖ్య నిబంధనల్లో నిషేధం. బిల్లు తెలుగులో ఉండటం దోషం కాదు. దేనికి చెల్లించారో ఒక్క వాక్యం ఇంగ్లిషులో రాసిపెడితే తనిఖీ త్వరగా సాగుతుంది. పెట్రోలు బంకు, దుకాణాల యంత్రాల నుంచి వచ్చే థర్మల్ కాగితం బిల్లు ఏడాది తిరిగేసరికి తెల్లబడిపోతుంది కనుక, ఆ రోజే నకలు తీసి జతచేయాలి.

ఒక ఉద్యోగి రెండు ప్రాజెక్టులకు పనిచేస్తుంటే, జీతాన్ని సగం సగం రాయడం చాలదు. ఏ రోజు ఏ పనికి ఎన్ని గంటలో నెలవారీ పట్టిక ఉండాలి. ఇది నెలాఖరున కూర్చుని కాక, వారంవారం నింపించాలి.

బడ్జెట్‌లో ఒక ప్రధాన పద్దు నుంచి మరొకదానికి మళ్లింపు, గ్రాంటు ఒప్పందానికి జతచేసే సాధారణ షరతుల్లో మామూలుగా ఉండే నియమం ప్రకారం, పద్దు తొలి మొత్తంలో 25 శాతం మించకపోతే ఒప్పంద సవరణ లేకుండా చేసుకోవచ్చు. తరువాతి నివేదికలో తెలపాలి. పరోక్ష ఖర్చులకు, ఆకస్మిక నిధికి ఈ వెసులుబాటు ఉండదు. ఆకస్మిక నిధిని ముట్టుకోవాలంటే కమిషన్ నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి రావాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి తుపాను పనులను ఆపేస్తే, ఆ విషయాన్ని వెంటనే లేఖ ద్వారా తెలిపి, గడువు పొడిగింపు కావాలంటే ప్రాజెక్టు ముగియడానికి నెల రోజుల ముందే కోరాలి. తుపాను సంగతి అందరికీ తెలిసిందే కదా అనుకుని ఊరుకోకూడదు.

లెక్కలు చూసే అధికారం కమిషన్‌కు, లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ కోర్ట్ ఆఫ్ ఆడిటర్స్‌కు, మోసాల దర్యాప్తు కార్యాలయమైన ఓలాఫ్‌కు ఉంటుంది. ఒప్పందంపై సంతకం చేయడమంటే వారిని రికార్డుల గదిలోకి రానివ్వడానికి ఒప్పుకోవడమే. ఆఖరి చెల్లింపు తరువాత ఐదేళ్లు, గ్రాంటు 60,000 యూరోలు మించకపోతే మూడేళ్లు పత్రాలు భద్రపరచాలి. సముద్రపు తేమ, పైకప్పు కారే భవనాలు ఉన్న మన ఊళ్లలో ఇనుప బీరువాను నమ్ముకుంటే చాలదు. స్కాన్ ప్రతులు మరో ఊళ్లోనో, ఆన్‌లైన్‌లోనో ఉంచాలి.

సంవత్సరాంతంలో ఎఫ్‌సీఆర్‌ఏ కింద ఎఫ్‌సీ-4 వార్షిక రిటర్నును, ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా, అంటే డిసెంబరు 31లోగా దాఖలు చేయాలి. అది రూపాయల్లో, ఏప్రిల్ నుంచి మార్చి వరకు. సమాఖ్య నివేదిక యూరోల్లో, ప్రాజెక్టు మొదలైన తేదీ నుంచి. మార్పిడి రేటు బ్యాంకులో సొమ్ము జమైన నాటిదా, కమిషన్ నెలనెలా ప్రకటించే ఇన్ఫర్‌యూరో రేటా అన్నది ఒప్పందంలో చూసి, మొదటి నివేదిక నుంచి చివరిదాకా ఆ పద్ధతినే పాటించాలి. మారకపు నష్టాన్ని ఖర్చుగా చూపే వీలు లేదు. ఈ రెండు నివేదికల అంకెలు ఎప్పటికీ ఒకటి కావు. కనుక తేడా కాలానికి ఎంత, మారకానికి ఎంత, సొంత వాటాకు ఎంత అని విడదీసే ఒక పేజీ సమన్వయ పట్టికను అకౌంటెంట్ తయారుచేసి, సీఏ చేత సంతకం చేయించి, రెండు ఫైళ్లలోనూ పెట్టాలి.