క్రౌన్, పినియన్ వేస్తున్నారా? పళ్ల మీద గుర్తు చూశాకే మూత బిగించండి

ట్రక్కు వెనక డిఫరెన్షియల్‌లో (చక్రాలకి శక్తిని పంచే గేర్ల పెట్టె) క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రానికీ, దాన్ని తిప్పే చిన్న పినియన్‌కీ పళ్ల మధ్య ఉండే సందు, అంటే బ్యాక్‌లాష్, కొలత సరిపోగానే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. అది చాలదు. పినియన్ లోతు, అంటే అది క్రౌన్‌కి ఎంత దగ్గరగా కూర్చుందన్నది, కుదిరిందో లేదో తేల్చేది పళ్ల మీద పడే గుర్తే. క్రౌన్ పళ్లు మూడు నాలుగింటికి రెండు వైపులా మార్కింగ్ పేస్ట్ పల్చగా పూయండి. క్రౌన్‌ని కాస్త అడ్డుపట్టి, పినియన్‌ని రెండు దిక్కులా తిప్పండి. బరువు పడకుండా తిప్పితే గుర్తు స్పష్టంగా రాదు, అక్కడే అంచనా తప్పుతుంది.

రెండు వైపులా గుర్తు పన్ను అడుగుకి దిగితే పినియన్ మరీ దగ్గరైనట్టు, పై అంచుకి ఎక్కితే దూరంగా ఉన్నట్టు. లోతు సరిచేయడానికి పెట్టే పల్చటి రేకు, అంటే షిమ్, మార్చిన ప్రతిసారీ బ్యాక్‌లాష్ మళ్లీ సరిచేసుకోవాలి. చిన్న ట్రక్కుల్లో అది సాధారణంగా 0.15 నుంచి 0.25 మి.మీ. ఉంటుంది, అయినా మీ యాక్సిల్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి. డయల్ గేజ్‌తో క్రౌన్ చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలవండి.

క్రష్ స్లీవ్ (పినియన్ నట్ బిగించేకొద్దీ నలిగి, బేరింగ్‌ల బిగువు నిలిపే గొట్టం) ఉన్న రకమైతే, లోతు కుదిరేదాకా కొత్త స్లీవ్ వేయకండి. ఎక్కువ నలిగాక నట్ వదులు చేసినా లాభం లేదు, మార్చాల్సిందే. అందుకే కొంచెం కొంచెంగా బిగిస్తూ, ప్రతిసారీ పినియన్ ఎంత బిగువుగా తిరుగుతోందో కొలవండి.